కూరగాయలకు తినదగిన పూత: మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్నలు, జవాబులు

కోసిన కూరగాయల మీద పలచటి పూత వేసి నిల్వ చేయడం గురించి అడిగేవాళ్ళు పెరుగుతున్నారు గానీ ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉండాలని కొన్ని సంగతులు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

## మొదలుపెట్టే ముందు

అసలు ఈ పూత ఏం చేస్తుంది? కూరగాయ చెడిపోకుండా ఆపేస్తుందా?

ఆపదు, నెమ్మదిగా చెడేలా చేస్తుంది. కోశాక కూడా కూరగాయ బతికే ఉంటుంది. ఆక్సిజన్ పీలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, దాచుకున్న చక్కెరలు ఖర్చుపెడుతుంది, వీటన్నిటితో పాటు తొక్కలోంచి నీళ్ళు పోగొట్టుకుంటూనే ఉంటుంది. మొక్కకు ఉన్నప్పుడైతే పోయిన నీటిని వేర్లు పూడ్చేవి, ఇప్పుడు ఆ దారి లేదు. బరువులో 5 నుంచి 10 శాతం నీరు పోతే చాలు, చాలా కూరగాయలు ముడతలు పడి అమ్మకానికి పనికిరాకుండా పోతాయి. పూత నీటిని పోనివ్వకుండా కొంత అడ్డుకుంటుంది, గాలి రాకపోకల్ని తగ్గించి శ్వాసను నెమ్మదిస్తుంది, కొన్ని రకాల పూతలు బూజును కూడా ఎదగనివ్వవు. ఈ మూడింట్లో మీ సమస్య ఏదో ముందు తేల్చుకోండి. అది తేలకుండా పూత కొన్నవాళ్ళే తర్వాత "పనిచేయలేదు" అంటుంటారు.

ఇదేమైనా కొత్త టెక్నాలజీయా? భయపడాల్సింది ఏమైనా ఉందా?

పాత పద్ధతే. 12వ శతాబ్దంలోనే చైనాలో నారింజ, నిమ్మ జాతి పండ్లకు మైనం పట్టించి దూరప్రాంతాలకు పంపేవారు. 1930లలో అమెరికాలో ఇవే జాతి పండ్లకు వేడి పారఫిన్ మైనం పూయడం వ్యాపారంగా మొదలైంది, 1950ల నాటికి కార్నౌబా (ఒక తాటి జాతి చెట్టు ఆకుల) మైనాన్ని నీళ్ళలో కలిపిన ఎమల్షన్లు వచ్చాయి. కైటోసాన్ (ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి తీసేది), ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) లాంటివి ఆ తర్వాత వచ్చి చేరాయి.

కోల్డ్ స్టోరేజీ లేదు. పూత ఒక్కటీ వేస్తే సరిపోతుందా?

చల్లదనం చేసే పనిని పూత చేయలేదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా కూరగాయల శ్వాస వేగం రెండు నుంచి మూడు రెట్లవుతుంది, అంత తేడాను ఏ పూతా భర్తీ చేయలేదు. చల్లటి గది లేకపోయినా నీడ, గాలి ఆడే చోటు, తెల్లవారుజామున కోయడం లాంటివి చూసుకుంటే పూత వల్ల కొంత లాభం ఉంటుంది. ఎండలో రెండు గంటలు ఉన్న బుట్టను తెచ్చి పూత వేస్తే మాత్రం ఆ రెండు గంటల నష్టం వెనక్కి రాదు. డబ్బు ఒక్కదానికే ఉందంటే ముందు చల్లదనం మీద పెట్టమంటాను.

ఏ కూరగాయలకు పనికొస్తుంది? దేనికి దండగ?

బాగా కలిసొచ్చేవి టమాటా, కీరా దోస, క్యాప్సికం, వంకాయ, కర్రపెండలం, ఇంకా తొక్క తీసిన క్యారెట్ లాంటి ముక్కలు. అయితే వీటిలో ఒక్కోదాని ఒళ్ళు ఒక్కో రకం, అది తెలుసుకోకపోతే పని చెడుతుంది.

ఒక టమాటా తీసుకుని తొడిమ ఊడిన చోట ఉండే గరుకైన గుండ్రటి మచ్చను చూడండి. టమాటా తొక్క మీద పత్రరంధ్రాలు (గాలి ఆడే సన్నటి రంధ్రాలు) ఉండవు కాబట్టి లోపలికీ బయటికీ వెళ్ళే గాలిలో అత్యధిక భాగం ఆ చిన్న మచ్చ గుండానే వెళ్తుంది. దాని మీద పూత మందంగా గడ్డకట్టిందంటే కాయకు ఊపిరాడదు. క్యాప్సికం తొక్కకూ రంధ్రాలు లేవు, దానికి ముచ్చిక వైపే గాలి దారి. కీరా దోస వేరే రకం: దాని తొక్కకు పత్రరంధ్రాలు ఉంటాయి, నీళ్ళూ త్వరగా పోతాయి, అందుకే మైనం లాంటి పూత దానికి బాగా పనిచేస్తుంది. వంకాయలో ముందు వడలి గోధుమరంగుకు తిరిగేది ఆకుపచ్చ ముచ్చికే. కాయ నిగనిగలాడుతున్నా ముచ్చిక ఎండితే కొనేవాళ్ళు పక్కన పెట్టేస్తారు, కాబట్టి పూత అక్కడికి చేరిందో లేదో చూసుకోవాలి.

ఉల్లి, వెల్లుల్లికి వద్దు. వాటికి కావాల్సింది బాగా ఆరిన పొడి పొర, మీరు నీళ్ళ పూత వేస్తే కుళ్ళును పిలిచినట్టే. నిల్వ బంగాళాదుంపలకు కూడా గాయాలు మానేలా కొన్నాళ్ళు ఆరనివ్వడమే మేలు. ఆకుకూరలకు ఒక్కో ఆకు రెండు వైపులా పూత సమంగా పట్టించి ఆరబెట్టడం జరిగే పని కాదు, ఈలోపు అవి నలిగిపోతాయి. వాటికి చల్లదనం, తేమ, చిల్లుల సంచి చాలు.

ఎన్ని రోజులు అదనంగా వస్తాయి? ఒక అంకె చెప్పండి.

అందరికీ సరిపడే అంకె లేదు. "రెట్టింపు గ్యారంటీ" అని అమ్మేవాళ్ళని ఏ కూరగాయకు, ఎన్ని డిగ్రీల దగ్గర, ఎంత తేమలో అని అడగండి. రెండు ఉదాహరణలు మాత్రం చెప్తాను. పీకిన కర్రపెండలం రెండు మూడు రోజుల్లోనే లోపల నీలి చారలు తిరిగి పాడవుతుంది. అదే దుంపను కరిగించిన మైనంలో ముంచి తీస్తే వారాల తరబడి నిలుస్తుంది, ఎగుమతి అయ్యే దుంపల్లో చాలావాటికి చేసేది ఇదే. ఇక టమాటా: పచ్చిగా ఉన్నప్పుడే 10 శాతం తుమ్మ జిగురు ద్రావణంలో ముంచిన కాయలు 20 డిగ్రీల దగ్గర 20 రోజుల వరకు బాగున్నట్టు ప్రయోగాల్లో తేలింది. పచ్చి కాయ, 20 డిగ్రీలు అన్న రెండు షరతులూ గమనించండి. పండిన కాయతో 35 డిగ్రీల గదిలో అదే ఫలితం రాదు.

## పదార్థం ఎంచుకునేటప్పుడు

కైటోసాన్, ఆల్జినేట్, మైనం, ప్రోటీన్ అని రకరకాలు చెప్తున్నారు. ఏది కొనాలి?

పేరు చూసి కాదు, మీ కూరగాయ బాధ చూసి కొనండి.

నీరు పోవడమే బాధ అయితే మైనాలు, కొవ్వు జాతి పదార్థాలు: కార్నౌబా, తేనెమైనం, లక్క, మోనో డైగ్లిజరైడ్లు. నీటి ఆవిరిని బాగా అడ్డుకునేవి ఇవే. వీటితో వచ్చే చిక్కేమిటంటే మందంగా పడితే ఊపిరాడదు, కొన్ని తెల్లగా మసకబారి కనిపిస్తాయి.

త్వరగా పండిపోవడం బాధ అయితే తుమ్మ జిగురు, సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్), ఆల్జినేట్, పెక్టిన్, స్టార్చ్ లాంటి పిండి, జిగురు జాతులు. ఇవి గాలి రాకపోకల్ని బాగా తగ్గిస్తాయి, నీటి ఆవిరిని మాత్రం అంతగా ఆపలేవు, ఎందుకంటే వాటికే నీళ్ళంటే ఇష్టం. కైటోసాన్ కూడా ఈ కుటుంబందే గానీ బూజును, కొన్ని బాక్టీరియాను అదుపు చేసే గుణం దానికి అదనంగా ఉంది. కాబట్టి కుళ్ళు ప్రధాన సమస్య అయితే ముందు దాన్నే చూడండి.

పాల ప్రోటీన్లు, సోయా, మొక్కజొన్న నుంచి తీసే జీన్ (zein) అనే ప్రోటీన్ లాంటివి నిగారింపు బాగా ఇస్తాయి, ఆక్సిజన్‌ను బాగా ఆపుతాయి, కానీ అలర్జీల గొడవ ఉంటుంది. అమ్మకానికి వచ్చే మిశ్రమాల్లో చాలావరకు జిగురు, కొవ్వు రెండూ కలిపి ఉంటాయి, ఒకదాని లోటు ఒకటి పూడ్చాలని.

కైటోసాన్ పొడి తెచ్చి నీళ్ళలో వేస్తే కరగడమే లేదు. నకిలీదా?

నకిలీ కాకపోవచ్చు. కైటోసాన్ మామూలు నీళ్ళలో కరగదు, పులుపు కావాలి. 1 శాతం ద్రావణానికి ఒక లీటరుకు 10 గ్రాముల పొడి, 5 నుంచి 10 మిల్లీలీటర్ల ఆహార గ్రేడు ఎసిటిక్ ఆమ్లం పడుతుంది. గాఢ ఆమ్లం చేతికి దొరక్కపోతే, దొరికినా ముట్టుకోవడానికి భయమైతే, 5 శాతం వెనిగర్ లీటరు ద్రావణంలో 100 నుంచి 200 మిల్లీలీటర్లు వాడితే అదే లెక్క. పొడిని ఒక్కసారిగా పోయకండి, ఉండలు కడితే మళ్ళీ విడవవు. కలుపుతూ చిటికెడు చిటికెడు చల్లుతూ పోయి, రాత్రంతా కలపనిచ్చి, పొద్దున పలచటి గుడ్డలో వడకట్టండి. గుడ్డ మీద మిగిలే జెల్లీ లాంటి తునకలే తర్వాత కాయ మీద మచ్చలుగా కనిపించేవి. ఇంకో మాట: ద్రావణం పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 6 దాటితే కైటోసాన్ విరిగి తేలుతుంది, కాబట్టి సోడా కలిపిన నీళ్ళు దగ్గరికి రానివ్వొద్దు. ఆల్జినేట్‌తో ఒకే గిన్నెలో కలిపినా గడ్డకడుతుంది.

కలబంద గుజ్జు పూస్తే చాలంటున్నారు, నిజమేనా?

పనిచేస్తుంది, కానీ ఆకు కోసి నేరుగా రుద్దేయడం మాత్రం కాదు. ఆకు తొక్క కింద పసుపు రంగు చేదు రసం ఉంటుంది, అందులోని అలోయిన్ విరేచనాలు పట్టిస్తుంది. ఆకును కోసిన వైపు కిందికి ఉండేలా నిలబెట్టి ఆ పసుపు రసం అంతా కారిపోయాక, తొక్క తీసి, తెల్లటి గుజ్జు మాత్రమే కడిగి తీసుకోవాలి. మిక్సీలో వేసి వడకట్టి, 70 డిగ్రీల దాకా వేడిచేసి వెంటనే చల్లార్చి, నీళ్ళతో పలచన చేసి వాడతారు. ఒక్కో ఆకుది ఒక్కో చిక్కదనం, కాబట్టి రెండో విడతకీ అదే ఫలితం వస్తుందనుకోకండి. చిన్న మొత్తాలకు బాగుంటుంది, టన్నుల్లో సరుకుంటే నేనైతే దీని జోలికి పోను.

స్టార్చ్ చవక కదా, అదే వాడితే?

చవకే. ముందు వేడినీళ్ళలో ఉడికించి జిగురయ్యేలా చేయాలి, పచ్చి పిండి కలిపిన నీళ్ళు పూతగా ఏర్పడవు, ఆరాక పొడిలా రాలిపోతాయి. తేమ ఎక్కువున్న గదిలో స్టార్చ్ పూత నీరు పీల్చి మెత్తబడుతుంది, పైగా బూజుకు అదే తిండి. పొడి వాతావరణంలో కొద్దిరోజుల నిల్వకు ఫరవాలేదు.

గ్లిజరిన్ ఎందుకు వేయమంటారు? మానేస్తే?

మానేస్తే పూత ఆరాక పెళుసై పగుళ్ళిస్తుంది. కాయ కొంచెం వంగినా, ఒకదానికొకటి తగిలినా పొలుసులుగా లేస్తుంది. లీటరుకు 5 నుంచి 10 మిల్లీలీటర్లు వేస్తే సాగే గుణం వస్తుంది. మరీ ఎక్కువేస్తే చేతికి అంటుకుంటుంది, నీటి ఆవిరి కూడా ఎక్కువ పోతుంది.

లవంగ నూనె, దాల్చిన నూనె కలిపితే బూజు రాదట కదా?

నిజమే, ఒరెగానో, థైమ్ నూనెలకూ ఆ గుణం ఉంది. ఇబ్బంది వాసనతో. బూజును ఆపేంత వేస్తే టమాటా లవంగం వాసనేస్తుంది, వాసన రాకుండా వేస్తే బూజు ఆగకపోవచ్చు. కొన్ని నూనెలు ఎక్కువైతే తొక్కను కాల్చేసి గోధుమ మచ్చలు తెస్తాయి. 0.1 శాతంతో మొదలుపెట్టి, ఒక రోజు ఆగి, కాయ వాసన చూసి, కోసి రుచి చూసి తర్వాతే ముందుకెళ్ళండి. నూనె నీళ్ళలో కలవదు కాబట్టి ఎమల్సిఫయర్ (నూనెను నీళ్ళలో కలిపి ఉంచే పదార్థం) లేకుండా వేయకండి, పైన తేలిన నూనె అంతా మొదట ముంచిన నాలుగు కాయలకే పడుతుంది.

కొవ్వొత్తి మైనం కరిగించి పూయొచ్చా? వంటనూనె రాస్తే?

కొవ్వొత్తి మైనం వద్దు. అందులో రంగులు, సువాసనలు, ఇంకా ఏమేం కలుపుతారో ఎవరూ చెప్పరు, అది ఆహార గ్రేడు కాదు. వంటనూనె రాస్తే మొదట్లో నిగనిగలాడుతుంది, కొన్నాళ్ళకు గాలి తగిలి కంపు కొడుతుంది, దుమ్ము పట్టేస్తుంది. పైగా టమాటా మచ్చ మీద, క్యాప్సికం ముచ్చిక మీద పడితే గాలి దారి మూసుకుపోతుంది.

## పూత వేసే ముందు

కడగకుండా వేయొచ్చా? పొలం నుంచి శుభ్రంగానే వచ్చాయి.

కంటికి శుభ్రంగా ఉన్నా కడగాలి. తొక్క మీది మట్టి, బూజు బీజాలు పూత కింద ఇరుక్కుంటే వాటికి మీరే తేమ గూడు కట్టినట్టు. పెద్ద ఎత్తున చేసేవాళ్ళు 50 నుంచి 200 పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు) క్లోరిన్ ఉన్న నీళ్ళు వాడతారు, పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంచుతారు. అంతకన్నా పెరిగితే క్లోరిన్ బలం తగ్గుతుంది, మరీ తగ్గితే విషవాయువు వస్తుంది. ఆ తర్వాత మంచినీళ్ళతో కడగాలి.

చాలామందికి తట్టని సంగతి నీళ్ళ వేడి. ఎండ పొలం నుంచి వచ్చిన వేడి టమాటాను చన్నీళ్ళలో వేశారనుకోండి, లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ ఖాళీలోకి తొడిమ మచ్చ గుండా బయటి నీళ్ళు, వాటితో పాటు క్రిములు పీల్చుకుపోతాయి. అందుకే తొట్టి నీళ్ళు కాయ కన్నా ఓ 5 డిగ్రీలు వెచ్చగా ఉండాలంటారు.

ఏ దశలో ఉన్న టమాటాకు వేయాలి?

రంగు తిరగబోతున్న పచ్చి కాయకు, లేదా అడుగున కొంచెం గులాబీ రంగు మొదలైన కాయకు. పూత చేసే పని పండడాన్ని నెమ్మదించడం, పూర్తిగా ఎర్రబడిన కాయలో నెమ్మదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, నీరు పోవడం తగ్గుతుంది అంతే. అలాగని లేత కాయలకు వేయకండి, అవి ఎన్నాళ్ళున్నా రుచి రాదు.

కొంచెం దెబ్బ తగిలినవి, చిన్న గీత పడినవి పూత వేస్తే మానతాయా?

మానవు. ఏరి పక్కన పెట్టి వెంటనే అమ్మేయండి, లేదా వండుకోండి. గాయమైన కాయ ఇథిలీన్ అనే పండించే వాయువును ఎక్కువ వదిలి పక్కవాటిని కూడా తొందరగా పండిస్తుంది.

## పూత వేసేటప్పుడు

ముంచాలా, స్ప్రే చేయాలా, బ్రష్‌తో పూయాలా?

కొద్దిగా ఉంటే ముంచడమే. అర నిమిషం నుంచి రెండు మూడు నిమిషాలు ముంచి, జల్లెడ బుట్టలో ఎత్తి కారనివ్వండి. పూత అన్ని వైపులా పడుతుంది, నేర్చుకోవడానికీ ఏమీ లేదు. ఎక్కువ సరుకుంటే కాయలు దొర్లే రోలర్ల మీద స్ప్రే చేసి మెత్తటి బ్రష్‌లతో పరచడం మేలు, ద్రావణం తక్కువ ఖర్చవుతుంది, ఒకే తొట్టిలో అందరి మురికీ చేరదు. స్ప్రేకి ద్రావణం పలచగా ఉండాలి, చిక్కటి కైటోసాన్ నాజిల్‌ను మూసేస్తుంది.

పూత పరుచుకోకుండా చుక్కలు చుక్కలుగా నిలబడుతోంది. ఏం చేయాలి?

కాయకు సహజంగానే మైనపు పొర ఉంటుంది, నీళ్ళ ద్రావణం దాని మీద అంటదు. క్యాప్సికం, వంకాయతో ఈ ఇబ్బంది ఎక్కువ. ఆహారంలో వాడే పాలీసార్బేట్ 80 లాంటి ఎమల్సిఫయర్ 0.1 శాతం వేస్తే ద్రావణం పరుచుకుంటుంది. గిన్నెలు తోమే సబ్బు వేయొద్దు, అడిగినవాళ్ళున్నారు కాబట్టి చెప్తున్నాను. ఒక్కోసారి అసలు కారణం కాయ సరిగ్గా ఆరకపోవడం, తడి ఉన్నచోట పూత పలచబడి జారిపోతుంది.

మందంగా వేస్తే ఎక్కువ రోజులు వస్తుందిగా?

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. మందం ఒక హద్దు దాటాక నీరు మిగిలే లాభం ఆగిపోయి ఊపిరాడని నష్టం మొదలవుతుంది. లోపల ఆక్సిజన్ బాగా తగ్గితే కాయ గాలి లేని శ్వాసకు దిగుతుంది, ఆల్కహాల్, ఎసిటాల్డిహైడ్ పేరుకుంటాయి, పైన మెరుస్తూనే లోపల పులిసిపోతుంది. వెచ్చటి గదిలో కాయకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి కాబట్టి చల్లటి గదిలో బాగా పనిచేసిన మందమే బయట పాడుచేయగలదు. ఆరాక పూత కంటికి కనిపించకూడదు, వేలితో రాస్తే జిడ్డుగా గానీ రబ్బరులా గానీ తగలకూడదు. 1 శాతంతో సరైన ఫలితం రాకపోతే 1.5కి వెళ్ళండి, ఒకేసారి 3కి వెళ్ళొద్దు.

ఎలా ఆరబెట్టాలి? ఎండలో పెట్టొచ్చా?

ఎండలో వద్దు. ఫ్యాన్ గాలి కింద జల్లెడ పళ్ళేల మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి ఆరనివ్వండి. కాయలు ఆనుకుని ఆరితే విడదీసినప్పుడు ఆ చోట పూత చిరుగుతుంది. ముచ్చిక గుంటలో, తొడిమ మచ్చలో నిలిచిన చుక్కను గాలితో ఊదేయండి, లేదా కాయను తిప్పి పెట్టండి. అక్కడ నిలిచిన చుక్క ఆరితే గాలి దారికి బిరడా పడినట్టే.

మిగిలిన ద్రావణాన్ని రేపు వాడొచ్చా?

ముంచడానికి వాడినదైతే పారేయండి. వాడనిది ఫ్రిజ్‌లో మూతపెట్టి రెండు మూడు రోజులు ఉంచొచ్చు, కైటోసాన్ అయితే పులుపు వల్ల ఇంకొంచెం ఆగుతుంది. ప్రోటీన్, స్టార్చ్, కలబంద ద్రావణాలు ఏ రోజుకారోజే.

## నిల్వలో

కాయ చూడ్డానికి బాగుంది కానీ కోస్తే సారా వాసన వస్తోంది. ఎందుకు?

ఊపిరాడక పులిసింది. పూత మందం ఎక్కువై ఉండాలి, లేదా తొడిమ మచ్చ మూసుకుపోయి ఉండాలి, లేదా చల్లటి చోట సరిపోయిన పూత వేడి చోట పెట్టాక ఎక్కువై ఉండాలి. ఆ విడత కాయలన్నీ బయటికి తీసి గాలి ఆడే చోట పరచండి. వాసన కొంచెమే ఉంటే కొన్నిటికి తగ్గుతుంది, గట్టిగా ఉంటే తగ్గదు. తర్వాతి విడతకు ద్రావణాన్ని సగానికి పలచన చేయండి.

చల్లటి గదిలోంచి తీయగానే పూత జిగటగా అవుతోంది, తెల్లటి మరకలు పడుతున్నాయి.

బయటి వెచ్చటి గాలి చల్లటి కాయకు తగిలి నీళ్ళు పట్టాయి. జిగురు జాతి పూతలు ఆ నీటిలో కరిగి జిగటవుతాయి, లక్క పూత తెల్లబారుతుంది. ఒకేసారి వేడిలోకి తేకుండా మధ్యస్థంగా ఉన్న చోట కొన్ని గంటలుంచి, పెట్టెలు మూసే ఉంచి తర్వాత తెరిస్తే చాలావరకు తగ్గుతుంది.

పూత వేశాం కదా, టమాటా, బెండ, వంకాయ కూడా 4 డిగ్రీల్లో పెట్టేయొచ్చా?

పెట్టొద్దు. ఇవి వెచ్చటి వాతావరణపు పంటలు, పచ్చి టమాటాకు 13 డిగ్రీల కన్నా, కీరా, వంకాయకు 10 డిగ్రీల కన్నా, క్యాప్సికంకు 7 డిగ్రీల కన్నా తగ్గితే కొద్దిరోజుల్లో చలి దెబ్బ మొదలవుతుంది. గుంటలు పడతాయి, గింజలు నల్లబడతాయి, బయటికి తీశాక గబగబా కుళ్ళుతాయి. పూత ఈ దెబ్బను కొంచెం తగ్గించవచ్చు, అంతకు మించి దాన్ని నమ్ముకోకూడదు.

పూత వేసి ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టేస్తే డబుల్ సేఫ్ కదా?

డబుల్ రిస్క్. కవరూ గాలిని ఆపుతుంది, పూతా ఆపుతుంది, రెండూ కలిసి ఆక్సిజన్‌ను మరీ కిందికి దించేస్తాయి. రుచి చెడడం ఒక్కటే కాదు, గాలి లేని చోట పెరిగే బోటులినం లాంటి ప్రమాదకర బాక్టీరియాకు అవకాశం ఇచ్చినట్టు. పుట్టగొడుగుల ప్యాకెట్లకు చిల్లులు పెట్టేది అందుకే. పూత వేసినవాటికి చిల్లుల సంచీయే వాడండి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ల్యాబ్ లేదు.

తూకం చాలు. ఒకే రోజు కోసిన, ఒకే సైజు కాయలు ఓ 40 తీసుకుని సగానికి పూత వేయండి, మిగతా సగాన్ని ఉత్త నీళ్ళలో అంతసేపే ముంచి అలాగే ఆరబెట్టండి. ఈ రెండోది చాలామంది చేయరు, దాంతో కడగడం వల్ల వచ్చిన తేడాను కూడా పూత ఖాతాలో వేస్తారు. కాయల మీద నంబర్లేసి రోజు విడిచి రోజు తూచండి. మొదటి బరువులోంచి ఇవాళ్టి బరువు తీసేసి, మొదటి బరువుతో భాగించి, వందతో గుణిస్తే పోయిన నీరు శాతంలో వస్తుంది. తూకంతో పాటు ప్రతిసారీ ఒకటి కోసి వాసన చూడండి. బరువు నిలబడి వాసన చెడిందంటే పూత ఎక్కువైంది, వాసన బాగుండి బరువు పూత లేనివాటిలాగే పడిపోతోందంటే పూత చాలలేదు, లేదా మీకు కావాల్సింది మైనం జాతి.

## కోసిన ముక్కల సంగతి

తొక్క తీసిన క్యారెట్లు రెండు రోజులకే తెల్లబడుతున్నాయి. పాడైనట్టా?

పాడవలేదు. తొక్క తీయడంతో దెబ్బతిన్న పైపొర ఎండి తెల్లగా కనిపిస్తుంది, తర్వాత ఆ గాయం మీద లిగ్నిన్ అనే చెక్క లాంటి పదార్థం కట్టి తెలుపు స్థిరపడుతుంది. మొదటి దశలో నీళ్ళు చల్లితే మళ్ళీ నారింజ రంగు వస్తుంది, రెండో దశలో రాదు. పైపొరను తడిగా ఉంచే సీఎంసీ లాంటి పూత దీనికి బాగా కుదురుతుంది. పదునైన కత్తి వాడితే సగం సమస్య అక్కడే పోతుంది.

ముక్కలకు ఆల్జినేట్ ఎలా వేయాలి?

రెండు గిన్నెలు కావాలి. మొదటిదాంట్లో లీటరుకు 15 నుంచి 20 గ్రాముల సోడియం ఆల్జినేట్, వేడినీళ్ళలో కరిగించి చల్లార్చినది. రెండోదాంట్లో 1 నుంచి 2 శాతం ఆహార గ్రేడు కాల్షియం క్లోరైడ్. ముక్కల్ని మొదటిదాంట్లో ముంచి, బాగా కారనిచ్చి, రెండోదాంట్లో ఒకటి రెండు నిమిషాలు ఉంచితే జిగురు అక్కడికక్కడే గట్టిపడి పొరవుతుంది. కాల్షియం ఎక్కువైతే చేదు వస్తుంది. బంగాళాదుంప లాంటి నల్లబడే ముక్కలైతే 0.5 నుంచి 1 శాతం విటమిన్ సి కూడా చేర్చండి, ఉత్త పూత రంగును ఆపలేదు. ముక్కలు మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఇందులో బేరం లేదు.

## తినేవాళ్ళ సందేహాలు

కడిగితే పోతుందా? పోకపోతే తినొచ్చా?

తుమ్మ జిగురు, సీఎంసీ లాంటివి నీళ్ళలో రుద్దితే పోతాయి. కైటోసాన్, మైనం, లక్క ఉత్త నీళ్ళకు పూర్తిగా పోవు. గోరువెచ్చటి నీళ్ళలో రుద్దితే కొంత పోతుంది, తొక్క తీస్తే పూర్తిగా పోతుంది. అనుమతి ఉన్న ఆహార గ్రేడు పదార్థమైతే మిగిలింది తిన్నా ఇబ్బంది లేదు.

పురుగుమందుల అవశేషాల్ని పూత తొలగిస్తుందా?

లేదు. సరిగ్గా కడగకుండా వేస్తే కిందే మూసిపెడుతుంది.

శాకాహారులు తినొచ్చా? అలర్జీ ఉన్నవాళ్ళు?

పదార్థాన్ని బట్టి. కైటోసాన్ ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి వస్తుంది, శిలీంధ్రాల నుంచి తీసే రకం కూడా దొరుకుతుంది. లక్క కీటకం నుంచి, జెలటిన్ జంతువుల నుంచి, తేనెమైనం తేనెటీగల నుంచి. కార్నౌబా తాటి జాతి చెట్టు ఆకుల మీది మైనం. పాల ప్రోటీన్, సోయా, గోధుమ గ్లూటెన్ పూతలు ఆ అలర్జీలున్నవాళ్ళకు పనికిరావు. రొయ్యల అలర్జీకి కారణం వాటి ప్రోటీన్, బాగా శుద్ధి చేసిన కైటోసాన్‌లో అది చాలా తక్కువ, అయినా అమ్మేవాళ్ళు మూలం చెప్పి తీరాలన్నది నా పట్టుదల.

అపీల్ అనే పూత విషమని వీడియో వచ్చింది. నిజమా?

2023లో తిరిగిన ఆ ప్రచారంలో చాలాభాగం పేరు తికమక. అదే పేరుతో బ్రిటన్‌లో అమ్మే ఒక క్లీనింగ్ ద్రవం తాలూకు హెచ్చరికల కాగితాన్ని తెచ్చి కూరగాయల పూతకు అంటగట్టారు. పూతలో ఉండేవి మొక్కల నూనెల నుంచి వచ్చే మోనో డైగ్లిజరైడ్లు, అవి బ్రెడ్డు, ఐస్‌క్రీముల్లో ఎప్పటినుంచో వాడుతున్నవే.

లేబుల్ మీద 901, 903 లాంటి నంబర్లున్నాయి. అవేంటి?

ఆహారంలో వాడే పదార్థాలకు ఇచ్చిన అంతర్జాతీయ సంఖ్యలు. 901 తేనెమైనం, 902 క్యాండెలిల్లా, 903 కార్నౌబా, 904 లక్క, 471 మోనో డైగ్లిజరైడ్లు. ఏ కూరగాయ మీద ఏది వేయొచ్చు, లేబుల్ మీద ఏం రాయాలి అన్నది దేశాన్ని బట్టి మారుతుంది, కాబట్టి అమ్మకానికి పూత వేసేవాళ్ళు డబ్బా కొనే ముందే తమ దేశపు ఆహార చట్టంలో ఆ నంబరు, దాని పక్కన రాసిన కూరగాయల పేర్లు రెండూ చూసుకోవాలి.